‘ఈ రోజే ఖాయం చేయండి’ అని ఒత్తిడి పెట్టే అమ్మకందారులతో ఇంటి పనులు మాట్లాడుకోవడం ఎలా?

హన్మకొండ, కాజీపేట, వరంగల్‌లలో గానీ, కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల వంటి పట్టణాల్లో గానీ ఒక కుటుంబం గృహప్రవేశం చేసినా, ఇంటి పెద్ద సింగరేణిలోనో రైల్వేలోనో ఉద్యోగ విరమణ పొందినా, ఆ సంగతి అమ్మకందారులకు చేరడానికి ఎక్కువ కాలం పట్టదు. సోలార్ పలకలు, మాడ్యులర్ కిచెన్, యూపీవీసీ కిటికీలు, స్లాబుకు వాటర్‌ప్రూఫింగ్, మంచినీటి ఆర్వో యంత్రం, కోతులు రాకుండా బాల్కనీకి జాలీ అంటూ వరుసగా ఫోన్లు వస్తాయి. ఆ వెనుకే మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ట్యాబ్‌తో మనుషులు వస్తారు. వీరందరూ మోసగాళ్లు కారు. మంచి పని చేసే సంస్థలు వీరిలో ఉన్నాయి, వారు అమ్మే వస్తువుల్లో మన ఇళ్లకు నిజంగా పనికివచ్చేవీ ఉన్నాయి. చిక్కంతా అమ్మే పద్ధతిలో ఉంది. రెండు మూడు లక్షల రూపాయల పనికి గంటన్నర కూర్చుని, లేచేలోపు సంతకమూ బయానా రెండూ తీసుకుని వెళ్లాలన్న లెక్కతో వారు మీ గడప తొక్కుతారు.

ఈ పరిస్థితిని ఎదుర్కోవడానికి నిజానికి ఒక్క నియమం చాలు: వినే రోజు వేరుగా, నిర్ణయించే రోజు వేరుగా ఉండాలి, నిర్ణయించేటప్పుడు అమ్మేవారు ఆ గదిలో ఉండకూడదు. చెప్పడానికి సులభమైన ఈ నియమం మన మొహమాటం ముందు తరచుగా నిలవదు కాబట్టి, దానిని నిలబెట్టుకోవడానికి ముందుగా ఏమి సిద్ధం చేసుకోవాలో, ఎదుటివారు ఏ ఎత్తుకు ఏ మాట వాడతారో, సంతకం అయిపోయిన తరువాత ఏ దారులు ఉంటాయో కింది దశల్లో వివరిస్తున్నాను.

మొదటి దశ: వారు రాకముందే మీ అవసరాన్ని కాగితం మీద పెట్టండి

ఒత్తిడి పని చేసేది మన దగ్గర లెక్క లేనప్పుడే. వంటగది గోడల పొడవు, ఎత్తు, కిటికీల కొలతలు, డాబా మీద నీడ పడని ఖాళీ స్థలం ఎంతో టేపు పట్టి కొలిచి ఒక పుస్తకంలో రాసుకోండి. మీ వాడకట్టులో ఇటీవల అదే పని చేయించుకున్న రెండు ఇళ్లకు వెళ్లి చదరపు అడుగుకు ఎంత అయిందో, చెప్పిన గడువుకు పూర్తయిందో లేదో అడగండి. మీకు తెలిసిన సుతారి మేస్త్రీని, వడ్రంగిని కూడా ఒకసారి పిలిచి ధర చెప్పించుకోండి. పని వారికే ఇవ్వాలని లేదు గానీ, చేతిలో ఒక ధర ఉంటే ఎదుటివారు చెప్పే ధర ఎక్కడ ఉందో మీకు వెంటనే తెలుస్తుంది.

సోలార్ విషయంలో ఈ సిద్ధపాటు మరింత ముఖ్యం. గడచిన పన్నెండు నెలల కరెంటు బిల్లులు తీసి నెలవారీ యూనిట్లను రాయండి. ఒక కిలోవాట్ పలకలు సగటున రోజుకు నాలుగు యూనిట్ల దాకా ఇస్తాయి, వాటికి సుమారు వంద చదరపు అడుగుల నీడలేని స్థలం కావాలి. ఆ లెక్కన మూడు కిలోవాట్ల ఏర్పాటు నెలకు దాదాపు 360 యూనిట్లు ఇస్తుంది. వానాకాలంలో ఇంకా తగ్గుతుంది. రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్లలోపు వాడి సున్నా బిల్లు అందుకుంటున్న కుటుంబానికి ‘మీ బిల్లు సున్నా చేస్తాం’ అన్న మాటలో కొత్తగా ఒరిగేది చాలా తక్కువ. ఈ చిన్న విషయాన్ని అమ్మకందారు తనంతట తానుగా చెప్పడు.

రెండవ దశ: కలిసే తీరు మీ షరతుల మీద జరగాలి

ఫోన్‌లోనే రెండు విషయాలు స్పష్టం చేయండి. మొదటిది, ఈ సారి కొటేషన్ మాత్రమే తీసుకుంటాము, ఏ చెల్లింపూ చేయము. రెండవది, మాకు ఒక గంట మాత్రమే వీలవుతుంది. ఈ షరతులు విని రాను అన్నవారు రాకపోవడమే మేలు.

‘భార్యాభర్తలు ఇద్దరూ ఇంట్లో ఉన్నప్పుడే వస్తాం’ అని కొన్ని సంస్థలు పట్టుబడతాయి. ‘ఇంట్లో వాళ్లను అడిగి చెప్తాం’ అనే మాటకు చోటు లేకుండా చేయడమే దాని ఉద్దేశం. ఇద్దరూ ఉండడం మంచిదే. కానీ మీ ఇంట్లో నిర్ణయానికి కావలసిన మూడవ మనిషి, అంటే హైదరాబాద్‌లో ఉన్న కొడుకో కూతురో, అన్నగారో, ఆ రోజు అక్కడ ఉండరని, వారితో మాట్లాడకుండా ఏదీ ఖాయం కాదని ముందే చెప్పి పెట్టండి. దీనికి భిన్నమైన పరిస్థితి కూడా ఉంది. ఇంట్లో పెద్దవారు ఒంటరిగా ఉండే పగటి వేళ చూసుకుని వచ్చేవారు ఉంటారు. అమ్మానాన్నలు ఊళ్లో ఉండి పిల్లలు దూరంగా ఉన్న ఇళ్లలో, ‘మా అబ్బాయి ఉన్నప్పుడు రండి బాబూ’ అని గుమ్మం దగ్గరే చెప్పి పంపే అలవాటు పెద్దలకు చేయించాలి.

వారు వచ్చే సమయానికి చెక్కు పుస్తకం, ఆధార్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు లోపలి గదిలో ఉండనివ్వండి. ‘సర్వే కోసమే’ అంటూ అడిగే సంతకాన్ని గానీ, ఫోన్‌కు వచ్చిన ఓటీపీని గానీ ఎవరికీ ఇవ్వకండి. ట్యాబ్ మీద వేలితో గీసిన సంతకం కూడా సంతకమే.

షాపింగ్ మాల్ దగ్గరో, ఎగ్జిబిషన్‌లోనో కూపన్ నింపితే లక్కీ డ్రాలో బహుమతి వచ్చిందని పిలిచి, దాన్ని తీసుకోవడానికి రెండు గంటల ప్రదర్శన చూడాలనే పద్ధతి కూడా తెలిసిందే. ఇచ్చే ఉద్దేశం లేకుండా బహుమతులు ప్రకటించడాన్ని వినియోగదారుల రక్షణ చట్టం, 2019 అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. అయితే చట్టం సంగతి తరువాత. ఒక ప్రెషర్ కుక్కర్ కోసం ఆదివారం సాయంత్రాన్ని, దానితో పాటు మూడు లక్షల ఒప్పందాన్ని ఇవ్వవలసిన పని లేదు.

మూడవ దశ: ఎత్తుగడలను వాటి లోపలి లెక్కతో సహా గుర్తించండి

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఈ రోజుకే పరిమితమైన ధర. మూడు లక్షల అరవై వేలతో మొదలై, మీరు తటపటాయించగానే మేనేజర్‌కు ఫోన్ వెళ్తుంది, స్పీకర్ పెడతారు, ఆ మేనేజర్ బతిమాలించుకుని రెండు లక్షల నలభై వేలకు దిగుతాడు, కానీ రాత్రి ఎనిమిది లోపు బయానా పడాలంటాడు. అరగంటలో లక్షా ఇరవై వేలు తగ్గించగలిగిన ధర మొదటి నుంచీ అసలు ధర కాదు. తగ్గించడం కోసమే పెంచి చెప్పిన అంకె. ఆ సమయంలో మీరు పోల్చవలసింది ఆ రెండు అంకెలను కాదు. రెండు లక్షల నలభై వేలను మొదటి దశలో మీ పుస్తకంలో రాసుకున్న ధరతో పోల్చండి. రేపు ఫోన్ చేస్తే అదే ధర, కొన్నిసార్లు అంతకంటే తక్కువ ధర, చాలా సందర్భాల్లో దొరుకుతుంది. నెలాఖరుకు లక్ష్యం పూర్తి చేయవలసిన భారం వారి మీద ఉంటుంది, మీ మీద ఉండదు. యాప్‌లలో, వెబ్‌సైట్లలో గడియారం తిరుగుతూ ‘ఇంకా పది నిమిషాలే’ అని కనిపించే అబద్ధపు తొందరను సైతం కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరులో ప్రకటించిన మార్గదర్శకాలు నిషిద్ధ పద్ధతుల జాబితాలో చేర్చాయి.

‘మీ ఇంటిని మోడల్ హౌస్‌గా పెట్టుకుంటాం, అందుకే ఈ ధర’ అనేది దీనికి తమ్ముడి వరుస. ఒకే కాలనీలో నాలుగు మోడల్ హౌసులు ఉండడం అరుదేమీ కాదు.

మన దగ్గర ఈ తొందరకు పంచాంగం కూడా తోడవుతుంది. ‘ఆషాఢం వస్తోంది, మూఢం వస్తోంది, ఈ లోపే అడ్వాన్సు ఇచ్చేయండి’ అని, దసరాకు ముందు ‘పండుగ ఆఫర్’ అని చెబుతారు. మంచి రోజు చూసుకోవడం మీ ఇష్టం, మీ ఆచారం. అయితే ముహూర్తం పని మొదలుపెట్టడానికి చూస్తాం గానీ ఆర్డర్ ఫారం మీద సంతకానికి ఎవరూ చూడరు. మూఢం పోయిన తరువాత కూడా వడ్రంగులు, పలకలు, ప్లైవుడ్ ఇక్కడే ఉంటాయి.

రెండవది భయపెట్టడం. ఆర్వో యంత్రాలు అమ్మేవారు చేసే ఒక ప్రదర్శన గురించి వివరంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే చదువుకున్నవారు కూడా దానికి లొంగిపోతున్నారు. ఒక గ్లాసులో మీ నల్లా నీరు, మరో గ్లాసులో వారి యంత్రపు నీరు పోసి, కరెంటు తగిలించిన లోహపు కడ్డీలను రెండింటిలోనూ ముంచుతారు. మీ నీరు క్షణాల్లో గోధుమ రంగుకో, పచ్చటి మురికి రంగుకో మారుతుంది. వారి నీరు తేటగా ఉంటుంది. ‘ఇన్నాళ్లూ మీ పిల్లలు తాగింది ఇది’ అంటారు. వాస్తవానికి ఆ రంగు నీటిలో దాగి ఉన్న మురికిది కాదు. ఉప్పులు, ఖనిజాలు ఉన్న నీటిలో విద్యుత్తు ప్రవహిస్తుంది, అప్పుడు కడ్డీలోని ఇనుము కరిగి తుప్పుగా నీటిలో చేరుతుంది. ఖనిజాలు తీసేసిన నీటిలో విద్యుత్తు సరిగా ప్రవహించదు కాబట్టి కడ్డీ కరగదు. వారి తేట నీటిలోనే చిటికెడు ఉప్పు వేసి మళ్లీ కడ్డీలు ముంచమని అడగండి. ఆ నీటి రంగూ మారుతుంది.

టీడీఎస్ మీటరు కూడా ఇలాంటిదే. అది కరిగిన ఉప్పుల మొత్తాన్ని సూచిస్తుంది గానీ క్రిములను, ఫ్లోరైడును విడిగా చూపదు. భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు ఆమోదయోగ్యం, వేరే నీటి వనరు లేనప్పుడు 2000 వరకు అనుమతిస్తారు. మీ మిషన్ భగీరథ నల్లా నీరు 200 చూపిస్తే ఆర్వో అవసరమేమిటని అడిగే హక్కు మీకుంది. బోరు నీరు తాగే ఇంట్లో ఫ్లోరైడు అనుమానం ఉంటే, అమ్మేవారి మీటరును పక్కన పెట్టి నీటిని ప్రయోగశాలలో పరీక్ష చేయించండి.

వాటర్‌ప్రూఫింగ్ వారు గోడకు తేమ మీటరు ఆనించి, ఎర్ర లైటు వెలగగానే ‘లోపల ఇనుము తుప్పు పడుతోంది, ఈ వానాకాలం స్లాబు ఆగదు’ అంటారు. ఆ మీటర్లలో చాలా వాటికి గోడ మీద తేలిన ఉప్పు కూడా తేమలాగే కనిపిస్తుంది. నిజంగా ఉరుపు ఉంటే దాని మూలం ముందు తేలాలి. పిట్టగోడ, స్లాబు కలిసే చోట పగులు ఉందా, వాన నీరు పోయే గొట్టం మూసుకుపోయిందా, ట్యాంకు పొంగి అక్కడే నిలుస్తోందా, బాత్‌రూం పైపు కారుతోందా అన్నవి మీ సుతారి ఒక వాన పడ్డ మర్నాడు వచ్చి చూస్తే చాలా వరకు తెలిసిపోతాయి. పైపు కారుతున్న ఇంటికి స్లాబు మీద రసాయనం పూస్తే ఖర్చు దండగ అవుతుంది, తడి అలాగే ఉంటుంది.

మూడవది ప్రభుత్వం పేరు వాడుకోవడం. ‘కరెంటు ఆఫీసు నుంచి వచ్చాం, సబ్సిడీ ఈ నెలతో ఆఖరు’ అనే మాట సోలార్‌లో సర్వసాధారణం. పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలైంది, దానిని 2026-27 ఆర్థిక సంవత్సరం వరకు అమలు చేయాలన్నది కేంద్రం నిర్ణయం. ఇళ్లకు రాయితీ మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000 రూపాయలు, మూడవ కిలోవాట్‌కు 18,000 రూపాయలు. మూడు కిలోవాట్లు దాటి ఎంత పెట్టుకున్నా మొత్తం 78,000 మించదు. కాబట్టి ‘అయిదు కిలోవాట్లు పెట్టుకుంటే సబ్సిడీ ఎక్కువ వస్తుంది’ అన్నవాడికి పథకం తెలియకపోవాలి, లేదా మీకు తెలియదని అతను అనుకుని ఉండాలి. రాయితీ లెక్క కట్టడానికి ప్రభుత్వం తీసుకున్న ప్రామాణిక ధర మొదటి రెండు కిలోవాట్లకు 50,000 చొప్పున, మూడవదానికి 45,000. బయటి ధర దీనికంటే ఎక్కువే ఉండవచ్చు గానీ, మూడు కిలోవాట్లకు లక్షా నలభై అయిదు వేలు అన్న ఆ అంకెను మనసులో పెట్టుకుని బేరం మొదలుపెట్టండి.

దరఖాస్తు జాతీయ పోర్టల్‌లో మీ పేరు మీద, మీ బిల్లు మీద ఉన్న సర్వీసు నంబరుతో జరుగుతుంది. పని నమోదైన విక్రేతతోనే చేయించాలి, పలకలు దేశీయంగా తయారైనవై ఉండాలి, నెట్ మీటరు (మీరు వాడిన కరెంటునూ, బయటికి పంపిన కరెంటునూ లెక్కించేది) బిగించి ఏర్పాటు మొదలైన తరువాత రాయితీ నేరుగా మీ బ్యాంకు ఖాతాకు వస్తుంది. ఇంటికి వచ్చిన మనిషి చాలాసార్లు ఆ విక్రేత కూడా కాదు, కమీషన్ మీద తిరిగే మధ్యవర్తి. ఒప్పందం మీద ఉన్న సంస్థ పేరు పోర్టల్‌లో ఉందో లేదో చూడండి. కరెంటు ఆఫీసు పేరు చెప్పినవారి విషయం 1912కు ఫోన్ చేసి అడగవచ్చు. ఉత్తర తెలంగాణ డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) ప్రధాన కార్యాలయం హన్మకొండలోనే ఉంది.

నాలుగవది, మన ఇళ్లలో అన్నిటికంటే గట్టిగా పని చేసేది, వరుస కలపడం. గడపలోకి రాగానే ‘అంకుల్’, ‘అక్కా’, ‘బాపూ’ అనడం, మీ ఊరు పేరు వినగానే తమ మేనమామ ఊరూ అదేనని చెప్పడం, మీరు ఇచ్చిన చాయ తాగుతూ ‘మీ కొడుకు లాంటివాణ్ని, ఈ ఆర్డర్ వస్తే నా ఉద్యోగం నిలబడుతుంది’ అనడం. ఇంటికి వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపకూడదన్న మన సంస్కారాన్ని అతను నేర్చుకుని వచ్చి వాడుతున్నాడు. ఆ యువకుడు చెప్పేది నిజమే కావచ్చు కూడా. పైనుంచి అతని మీద ఒత్తిడి ఉండవచ్చు. చాయ ఇవ్వండి, ఎండలో వచ్చాడు కాబట్టి చల్లని నీళ్లు ఇవ్వండి. మర్యాద అక్కడితో పూర్తవుతుంది, దానికి సంతకంతో సంబంధం లేదు.

అయిదవది పెద్ద మొత్తాన్ని చిన్న ముక్కలుగా చూపడం. ‘రోజుకు నూట యాభై రూపాయలే, చాయలకు అయ్యే ఖర్చు’ అంటారు. రోజుకు నూట యాభై చొప్పున అయిదేళ్లకు 2,73,750 రూపాయలు అవుతుంది. ఎప్పుడు ఈ మాట విన్నా ఫోన్‌లోని క్యాలిక్యులేటర్ తీసి మొత్తం వారి ఎదుటే లెక్కించి, ‘ఒకేసారి నగదు చెల్లిస్తే ధర ఎంత?’ అని అడగండి.

నాలుగవ దశ: కాదని చెప్పడం

‘చూద్దాం’, ‘ఆలోచించి చెప్తాం’, ‘మళ్లీ ఫోన్ చేయండి’ అని మనం మర్యాదగా అనే ప్రతి మాటనూ వారి నోటు పుస్తకంలో సగం అంగీకారంగా రాసుకుంటారు, వారం పాటు ఫోన్లు వస్తూనే ఉంటాయి. కారణాలు చెప్పకండి, చెప్పిన ప్రతి కారణానికీ వారి దగ్గర శిక్షణలో నేర్పిన జవాబు ఉంటుంది. డబ్బు లేదంటే ఈఎంఐ, సమయం లేదంటే ‘ఇప్పుడు బుక్ చేసి ఆరు నెలల తరువాత చేయించుకోండి’ అంటారు. ఈ వాక్యం చాలు: ‘ఈ రోజు ఏదీ ఖాయం చేయము. కొటేషన్ ఇచ్చి వెళ్లండి, అవసరమైతే మేమే ఫోన్ చేస్తాము.’ రెండవసారి అడిగితే ఇదే వాక్యాన్ని మార్చకుండా మళ్లీ చెప్పండి. మూడవసారికి లేచి నిలబడి తలుపు వైపు నడవండి. మీరు కూర్చుని ఉన్నంతసేపూ వారూ కూర్చుంటారు.

వద్దన్న తరువాత కూడా కదలకపోతే పక్కింటివారిని పిలవండి, అవసరమైతే 100కు గానీ 112కు గానీ ఫోన్ చేయండి. అంత దూరం వెళ్లే సందర్భాలు తక్కువ.

అయిదవ దశ: కొటేషన్‌ను చదవడం

కొటేషన్ ఇవ్వకుండా ఫోన్‌లో ఫొటో మాత్రమే చూపేవారితో మాట్లాడడం అక్కడే ఆపండి. కాగితం ఇచ్చినవారిది తీసుకుని, కనీసం మూడు సంస్థల కొటేషన్లు పక్కపక్కన పెట్టి చదవండి. అంకెలు ఒకేలా కనిపించినా కొలత వేరుగా ఉండవచ్చు, నష్టం ఎక్కువగా జరిగేది అక్కడే.

ఉదాహరణకు ఏడడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు, రెండడుగుల లోతు ఉన్న ఒక బీరువా అనుకుందాం. ముందు భాగం కొలత 56 చదరపు అడుగులు. ఒకరు ముందు భాగానికి చదరపు అడుగుకు 1,200 చెబితే 67,200 అవుతుంది. మరొకరు ‘మాది 500 మాత్రమే’ అంటూ తలుపులు, వెనుక పలక, రెండు పక్కలు, పైన, కింద అన్నిటినీ విప్పి కొలిస్తే 172 చదరపు అడుగులు వస్తుంది, అంటే 86,000. లోపలి అరలు ఇంకా కలపలేదు. ఈ ధరలు లెక్క కోసం చెప్పినవే గానీ, సగం కంటే తక్కువగా వినిపించిన ధర ఎలా ఎక్కువవుతుందో దీనివల్ల అర్థమవుతుంది. కొలత ముందు భాగానికా, విప్పి కొలిచేదా అన్నది కాగితం మీద రాయించండి.

వస్తువుల పేర్లు కూడా అంత నిర్దిష్టంగా ఉండాలి. ‘వాటర్‌ప్రూఫ్ ప్లై’ అన్న మాటకు విలువ లేదు. సింకు కింద వాడే ప్లైవుడ్‌కు ఐఎస్ 710, తడి తగలని చోట వాడేదానికి ఐఎస్ 303 అని ప్రమాణం నంబరుతో, కంపెనీ పేరుతో, మందం ఎన్ని మిల్లీమీటర్లో రాయించండి. సరుకు వచ్చిన రోజు పలక మీద ఐఎస్ఐ ముద్ర, సీఎం/ఎల్ నంబరు (తయారీదారు లైసెన్సు నంబరు) ఉన్నాయో చూసి, ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. యూపీవీసీ కిటికీలకు లోపల ఉక్కు పట్టీ ఉందా, అద్దం మందం ఎంత, దోమతెర ధరలో కలిసి ఉందా అన్నవి అడగండి. కోతుల జాలీకి కమ్మీ మందం, బిగించే పద్ధతి ముఖ్యం. పలుచని అల్యూమినియం జాలీని గట్టి కోతుల గుంపు ఎక్కువ కాలం ఉండనివ్వదు.

జీఎస్టీ నంబరు పదిహేను అక్షరాలది, తెలంగాణలో నమోదైన సంస్థకు అది 36తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబరు కొడితే సంస్థ అసలు పేరు, నమోదు అమలులో ఉందో రద్దయిందో కనిపిస్తుంది. ‘బిల్లు లేకుండా తీసుకుంటే పద్దెనిమిది శాతం మిగులుతుంది’ అన్న మాటను ఒప్పుకోకండి. మిగిలే ఆ డబ్బుతో పాటు వారంటీ అడిగే ఆధారం కూడా పోతుంది. వారంటీ ఎన్నేళ్లన్నదాని కంటే అది సరుకుకా, పనితనానికా, ఎవరి పేరు మీద ఇస్తున్నారు, అంటే తయారీ కంపెనీయా లేక ఇక్కడి డీలరా అన్నది ముందు చూడండి. నోటితో చెప్పిన హామీలన్నీ కొటేషన్ వెనుక రాసి సంతకం పెట్టమనండి. చాలా హామీలు ఆ క్షణంలోనే కుదించుకుపోతాయి.

ఆరవ దశ: డబ్బు ఇచ్చే క్రమం

నిర్ణయం అయిన తరువాత బయానా సాధ్యమైనంత తక్కువగా, సంస్థ పేరు మీద ఉన్న ఖాతాకే, రసీదుతో చెల్లించండి. వచ్చిన మనిషి సొంత యూపీఐ నంబరుకు ఒక్క రూపాయి కూడా వద్దు. మిగతాది పనిని బట్టి విడదీయండి: సరుకు ఇంటికి చేరి మీరు సరిచూసినప్పుడు కొంత, బిగింపు సగమైనప్పుడు కొంత, పూర్తయి తనిఖీ చేసిన తరువాత చివరిది. స్లాబు పనికైతే నీరు కట్టి కనీసం ఒక రోజు నిలిపి చూసిన తరువాతే చివరి వాయిదా అని రాయించండి.

ముందు తేదీలు వేసిన చెక్కులు ఇవ్వకండి. ‘నచ్చకపోతే బ్యాంకులో ఆపేయిద్దాం’ అనుకోవడం ప్రమాదం; చెక్కు ఆపించినా చెక్కు బౌన్స్ కేసు ఎదుర్కోవలసి రావచ్చు. సోలార్‌లో రాయితీ మొత్తానికి ముందుగానే చెక్కు అడిగేవారు ఉంటారు. ఆ రాయితీ ఆలస్యమైతే భారం ఎవరిదో ఒప్పందంలో లేకపోతే అది మీదే అవుతుంది.

వడ్డీ లేని ఈఎంఐ అన్నదాని వెనుక వడ్డీ ఎక్కడో ఉంటుంది, సాధారణంగా మీకు రావలసిన నగదు తగ్గింపులో. సున్నా శాతం వడ్డీ అనే పథకాల్లో అసలు వడ్డీని దాచిపెడుతున్నారని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులను హెచ్చరించింది. 2024 అక్టోబరు నుంచి వ్యక్తిగత వినియోగదారులకు ఇచ్చే రుణాలకు ముఖ్య వివరాల పత్రం (కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్) తప్పనిసరి. అందులో ఫీజులన్నీ కలిపిన వార్షిక రేటు ఒక్క అంకెలో ఉంటుంది. ఆ కాగితం చదవకుండా, అమ్మకందారు ఫోన్ నుంచి మీ ఆధార్‌తో రుణం మొదలుపెట్టనివ్వకండి.

ఏడవ దశ: సంతకం అయిపోతే

కొన్ని దేశాల్లో ఇంటికి వచ్చి అమ్మిన ఒప్పందాన్ని కొన్ని రోజుల్లోపు కారణం చెప్పకుండా రద్దు చేసుకునే హక్కు చట్టంలో ఉంది. అమెరికాలో మూడు పనిదినాలు, బ్రిటన్‌లో పద్నాలుగు రోజులు. మన దగ్గర ఇంటి పనుల ఒప్పందాలన్నిటికీ వర్తించే అలాంటి గడువు లేదు. అందుకే ‘ఏడు రోజుల్లోపు రద్దు చేస్తే బయానా పూర్తిగా వాపసు’ అనే వాక్యాన్ని ఆర్డర్ ఫారంలో మీరే రాయించుకోవాలి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని ముప్ఫై రోజుల నిబంధనను చాలామంది దీనితో కలిపి చూస్తారు. అది లోపమున్న సరుకును, సేవను వెనక్కి తీసుకోనని నిరాకరించే విషయానికి సంబంధించినది, మనసు మార్చుకోవడానికి కాదు.

అయినా ఆలస్యం చేయకపోతే చాలా వరకు దారి దొరుకుతుంది. ఆ రాత్రే రద్దు కోరుతూ సంస్థకు ఈమెయిల్, వాట్సాప్ పంపండి, మర్నాడు అదే ఉత్తరాన్ని స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. సరుకు కొయ్యకముందే, కొలతలు ఫ్యాక్టరీకి వెళ్లకముందే ఉత్తరం చేరితే సంస్థకు చెప్పుకోదగ్గ నష్టం ఉండదు కాబట్టి బయానా మొత్తం పట్టి ఉంచుకుంటామనే వాదన బలహీనపడుతుంది. యాప్ ద్వారా రుణం తీసుకుని ఉంటే, ముఖ్య వివరాల పత్రంలో రాసిన గడువులోపు అసలు, ఆ కొద్ది రోజుల ఖర్చు చెల్లించి జరిమానా లేకుండా బయటపడవచ్చు. గడువు ఒక్క రోజే ఉండవచ్చు కాబట్టి ఆ పత్రాన్ని వెంటనే చూడండి. అమ్మకం రద్దయినంత మాత్రాన రుణం దానంతట అది రద్దు కాదు, రెండు ఉత్తరాలు వేరువేరుగా పంపాలి.

సంస్థ పలకకపోతే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫిర్యాదు చేయండి, తెలుగులో మాట్లాడవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీరు చెల్లించిన మొత్తం యాభై లక్షల లోపు ఉన్న వివాదాలు అక్కడికే వెళ్తాయి, అయిదు లక్షల వరకు రుసుము లేదు, వకీలును పెట్టుకోవాలన్న నిర్బంధం లేదు, రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. సంస్థ కార్యాలయం హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్నా మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు. ఫిర్యాదుతో పాటు ఆర్డర్ ఫారం, కొటేషన్, చెల్లింపుల బ్యాంకు స్టేట్‌మెంట్, వాట్సాప్ సంభాషణల ముద్రిత ప్రతులు, రద్దు ఉత్తరం, స్పీడ్ పోస్టు రసీదు, పని మొదలై ఉంటే తేదీలు కనిపించే ఫొటోలు జతచేయాలి. ‘రేపటికల్లా వాపసు చేస్తాం సార్’ అని వారు ఫోన్‌లో చెప్పిన ప్రతిసారీ, ఆ మాటనే మీరు వెంటనే వాట్సాప్‌లో రాసి పంపి ఉంటే, ఈ జతలో అది కూడా ఒక కాగితమవుతుంది.